ఎడమును అంటును ఒకటి కావు

మానవుని శీలము మహాపదలయందు కంటె చిల్లర చికాకులయందే ఎక్కువగా బయటపడును. పెద్ద కష్టము వచ్చినప్పుడు నలుగురును చూచుచుందురు. ధైర్యము తెచ్చుకొందుము, పురాతనులను తలచుకొందుము. కాని రేషను దుకాణము ముందు రెండు గంటలు నిలువవలసి వచ్చినప్పుడును, ప్రక్కవాడు దగ్గినప్పుడును, పొరుగింటి తలుపు మీద కాగితమంటించినప్పుడును మనలను చూచువారెవ్వరు? అప్పుడు మనలోనుండి వెలువడు మాటయే మన నిజమైన ఆచారము. 2020వ సంవత్సరమున లోకమునెల్ల ఆవరించిన కరోనా వ్యాధి మనకట్టి పరీక్షలను దినమునకు పదిమారులు పెట్టినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న దానిని మహమ్మారిగా పేర్కొనెను. 2023 మే 5న అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించెను. రోగము బొత్తిగా పోలేదు, దాని భయము మాత్రము చాలవరకు పోయినది. భయము పోయిన తరువాతనే బుద్ధి తిన్నగా చూడగలదు. కావున ఆ పరీక్షలలో మనము నిలిచితిమా లేదా యని చూచుకొనుటకు ఇదియే తగిన సమయము.

ఆ దినములలో ఎందరో తమవారిని కోల్పోయిరి. ఆ దుఃఖమును తక్కువ చేయుట ఈ వ్యాసమునకు ఉద్దేశము కాదు. ఆ దుఃఖము చుట్టును అల్లుకొన్న చిన్న ఇక్కట్లను, వింత ఘట్టములను పరిశీలించి, వానియందు దాగియున్న ధర్మసూక్ష్మమొకదానిని శరణబంధువుల ముందుంచుటయే ఉద్దేశము. ప్రశ్న ఇది: వ్యాధికి వెరచి మనము పాటించిన ఎడమును, బసవేశ్వరుడు రూపుమాపబూనిన అంటును ఒకటియా, వేరా? వేరైనచో రెంటి నడుమ గీత ఎక్కడ గీయవలయును?

ఈ ప్రశ్న ఇతరులకంటె మనకు ఎక్కువ అవసరము. జాతి సూతకము, జనన సూతకము, ప్రేత సూతకము, రజస్సూతకము, ఉచ్ఛిష్ట సూతకము అను పంచసూతకములు లింగధారికి లేవని చెప్పిన ధర్మము మనది. పుట్టుక వలన మైల లేదు, చావు వలన మైల లేదు, స్త్రీకి నెలసరి వలన మైల లేదు, తోటి భక్తుడు తినగా మిగిలిన ప్రసాదమున ఎంగిలి లేదు. పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరమున ఈ మాటను ఆచరణమున పెట్టినందుకే కదా శరణులు రాజాగ్రహమునకు గురియైరి! అట్టి మన యిండ్లలో రెండేండ్లపాటు జరిగినదేమి? పాలపొట్లమును సబ్బుతో కడిగితిమి. వార్తాపత్రికను ఎండలో ఆరవేసి చదివితిమి. కూరగాయలను ఉప్పును పసుపును కలిపిన నీట ముంచితిమి. ప్రసాదము చేతికిచ్చుట మానితిమి. తండ్రి శవమును తాకుటకు కొడుకు జంకెను. మైల లేదన్నవారి యింట ఇంత మైల ఎట్లు ప్రవేశించెనని ఎవ్వరైన అడిగినచో మనము సమాధానము చెప్పగలిగి యుండవలయును.

మొదట ఆ కాలపు ముచ్చట్లు కొన్ని జ్ఞాపకము చేసికొందము. 2020 మార్చి 22 ఆదివారమున జనతా కర్ఫ్యూ. ఆ సాయంకాలము అయిదు గంటలకు జనులు వాకిళ్ళలో నిలిచి చప్పట్లు కొట్టిరి, పళ్ళెములు మ్రోగించిరి. మూడు దినములకు, మార్చి 25న, ఉగాది. అదే దినమున దేశమంతట లాక్‌డౌన్ ఆరంభమైనది. ఆ సంవత్సరమునకు శార్వరి యని పేరు. శార్వరి యనగా రాత్రి. వేపపూత కొరకు వీథిలోనికి పోవలెనన్నను సంకోచించుచు ఉగాది పచ్చడి కలిపిన యిండ్లు ఎన్నియో. ఏప్రిల్ 26న వచ్చిన బసవ జయంతికి ఊరేగింపు లేదు, సభ లేదు. ఇంటి గోడమీది పటమునకు పూలమాల వేసి, ఇల్లాలు చేసిన పాయసమును ఇంటిల్లిపాదియు తినుటతో పండుగ ముగిసెను.

ఫోను చేసినచో అవతలివాని కంఠమునకు ముందు ఒక దగ్గు వినబడుచుండెను. ఆ తరువాత జాగ్రత్తలు. మాస్కు ధరించినచో శ్వాస కండ్లద్దములపై ఆవిరియై కమ్ముకొని, దారి కనబడక, ఎదురుగా వచ్చుచున్నది మేనమామయో మండలాధికారియో తెలియక ఇద్దరికిని ఒకే నమస్కారము చేయవలసి వచ్చెను. ఒక విధముగా అది మేలే; ముఖము చూచి మర్యాదను కొలుచు అలవాటు కొన్నాళ్ళు అణగినది. పూర్వము పసివాడు తుమ్మినచో పెద్దలు "చిరంజీవ" యని దీవించెడివారు. ఆ రోజులలో బస్సునందొక పిల్లవాడు తుమ్మినచో చుట్టునున్నవారు దీవెన మరచి జరిగి కూర్చుండిరి. తల్లి ఆ బిడ్డ నోటికి చెంగు అడ్డము పెట్టి, తప్పు చేసినదానివలె తల వంచుకొనెను.

రేషను దుకాణముల ముందు సున్నముతో వలయములు గీసి, ఒక్కొక్క వలయమున ఒక్కొక్కరు నిలువవలెనని కట్టడి చేసిరి. ఎండ మండుచుండుటచే జనులు తమ తమ వలయములలో చెప్పులను, సంచులను, రాళ్ళను ఉంచి, తాము మాత్రము చెట్టునీడను భుజము భుజము రాచుకొని కూర్చుండి కబుర్లు చెప్పుకొనిరి. చెప్పులు మాత్రము ఆరడుగుల ఎడమును నియమముగా పాటించెను! ఈ దృశ్యమును చూచి నవ్వనివారు లేరు. కాని ఆచారము పేర మనము చేయు పనులలో ఎన్ని యిట్టివి కలవో ఆలోచించిన నవ్వు ఆగిపోవును. నియమమును వస్తువులకు అప్పగించి, దాని భావమును వదలివేయుట మనకు క్రొత్త కాదు.

పాఠశాలల సంగతి చెప్పనక్కరలేదు. 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణమున టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ప్రసారముల ద్వారా పాఠములు మొదలైనవి. ముగ్గురు పిల్లలున్న యింట ఒక్కటే ఫోను. ఆ ఫోను ఉదయమే తండ్రితో పొలమునకు పోవును. తరంగములు అందక ఇంటికప్పు మీదికెక్కిన పిల్లలు, పాఠము మధ్య ఆగిపోయి చూచుచు నిలిచిన బొమ్మలు, "వినబడుచున్నదా?" యని మాటిమాటికి అడుగు ఉపాధ్యాయులు, ఇది ఆనాటి విద్య. వినబడుచున్నదో లేదో తెలియకయే మాటాడుట బోధకునకు ఎంత కష్టమో తెలిసినది. ఎదుట కూర్చుండి వినుచున్న బిడ్డ ముఖము ఎంతటి భాగ్యమో కూడ తెలిసినది.

ఇప్పుడు విచారణకు వత్తము. ఈ వ్యాధి ముఖ్యముగా ఊపిరి ద్వారా వ్యాపించును. రోగలక్షణములు ఏమాత్రము పైకి కనబడనివాని నుండియు ఇతరులకు సోకును. కావున మాస్కు ధరించుట తన్ను కాపాడుకొనుటకు మాత్రమే కాదు, తననుండి ఇతరుని కాపాడుటకు కూడ. వస్తువులను తాకుటవలన కలుగు అపాయము మొదట అనుకొన్నంత పెద్దది కాదనియు, గాలియాడని గదులలో గుమిగూడుటయే పెద్ద అపాయమనియు పరిశోధకులు క్రమముగా తేల్చిరి. అయినను మనము చేసినదేమి? కూరగాయలను కడిగితిమి, కిటికీలను తెరువలేదు. అంగడివాని చేతినుండి నాణెమును తీసికొనుటకు జంకితిమి. చుట్టములు ముప్పదిమంది కూడిన మూసిన గదిలో మాస్కు తీసివేసి భోజనము చేసితిమి. అపరిచితుని చేయి మైలగా తోచినది, ఆత్మీయుని శ్వాస మైలగా తోచలేదు. రోగమునకు చుట్టరికము తెలియదు. మనకు మాత్రము తెలిసియుండెను. మన భయము శాస్త్రము చూపిన దారిని గాక, పాత అంటు వేసిన దారినే నడచినదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

అయినచో ఎడము పాటించుటయే దోషమా? కాదు. మన పంచాచారములలో గణాచారము అనునది యొకటి. శివగణమునకు హాని కలుగుచుండగా సహింపరాదని దాని సారము. నా శ్వాసవలన పొరుగువానికి ప్రాణహాని కలుగునని తెలిసియు, శివుడున్నాడని మాస్కు లేక తిరుగుట భక్తి కాదు, అది గణద్రోహము. 2020 జూన్ 8 నుండి ఆలయములను తెరచుటకు అనుమతించినప్పుడు, తీర్థప్రసాదములు పంచరాదని ప్రభుత్వము నిబంధన చేసినది. పాదోదకము, ప్రసాదము అష్టావరణములలోనివి. వానిని నిరాకరించుట అపచారము కాదా యని కొందరు పెద్దలు నిజమైన బాధతో అడిగిరి. వారి బాధను గౌరవింపవలయును. కాని పాదోదకమున పవిత్రమైనది నీరు కాదు, దానిని స్వీకరించు వినయము. ప్రసాదమున పవిత్రమైనది పదార్థము కాదు, లభించినదానిని శివుడిచ్చినదిగా గ్రహించు బుద్ధి. ప్రసాదిస్థలమును చేరినవాడు సుఖమును మాత్రమే గాక కొరతను కూడ ప్రసాదముగా స్వీకరించును. ఆ కాలమున చేతికందని ప్రసాదమే మనకు లభించిన ప్రసాదము.

ఆలయములు మూతపడినప్పుడు మనవారు కొందరు, "మాకేమి లోటు? మా దేవుడు మా మెడలోనే ఉన్నాడు" అనుకొనిరి. ఈ మాట సత్యమే. ఇష్టలింగమును కరతలమున నిలిపి పూజించువానికి గుడి తలుపుతో పనిలేదు; ఏకాంతమున మూడు మాసములుండవలసి వచ్చినను అతని అర్చనకు భంగము లేదు. కాని ఆ మాటతో తృప్తిపడిన సగమే చెప్పినట్లగును. మనకు లింగముతో పాటు జంగమము కూడ కలదు. లింగము అరచేత నుండును. జంగమము వీథిలో నడచుచుండును. ఆ వేసవిలో వీథిలో నడచిన జంగమమెవ్వరు? తట్టాబుట్టా నెత్తిన బెట్టుకొని, బిడ్డను చంకనెత్తుకొని, వందల మైళ్ళ దూరమున నున్న తమ యూళ్ళకు జాతీయ రహదారులపై నడచిపోయిన వలస కూలీలు. అట్టివారికొరకు దేశమున మొదటి శ్రామిక రైలు 2020 మే 1న మన లింగంపల్లి నుండియే జార్ఖండు రాష్ట్రపు హటియాకు బయలుదేరినది. అప్పటికి లాక్‌డౌన్ మొదలై అయిదు వారములు దాటినది. ఆ అయిదు వారములును వారు నడచిన దారి ప్రక్కన నీళ్ళకుండ పెట్టినవారు, అన్నపు పొట్లమును గట్టుమీద ఉంచి ఎడముగా నిలిచి "తినుడు నాయనా" అన్నవారు, వారే ఆ దినములలో దాసోహము చేసినవారు. ఎడము వారి చేతిని ఆపలేదు.

ఇక్కడనే మనకు గీత దొరకినది. రక్షించు ఎడమునకును, అవమానించు అంటునకును మూడు భేదములు కలవు.

మొదటిది: ఎడము అందరికిని సమానము. అది నాకును వర్తించును, నా యెదుటివానికిని వర్తించును. నేడు నాకు జ్వరము వచ్చినచో నేనే గదిలో కూర్చుందును. అంటు ఒకరికే వర్తించును. అది ఎప్పుడును పైవాడు క్రిందివానిపై విధించునదే.

రెండవది: ఎడమునకు గడువు కలదు. దానిని దినములలో లెక్కింతుము. పదునాలుగు దినములన్నచో పదునైదవ దినమున తలుపు తెరతుము. అంటును తరములలో లెక్కింతురు. దానికి పదునైదవ దినము రాదు.

మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది: ఎడము పాటించువాడు దాని భారమును తాను మోయును. అంటు పాటించువాడు భారమును ఇతరునిపై మోపును.

ఈ మూడు పరీక్షలతో ఆనాటి ఘట్టములను తూచిచూడుడు. గ్రామముల పొలిమేరలలో ముండ్లకంపలు వేసి దారులు మూసిరి. ఊరివారును బయటికి పోక, బయటివారిని రానీయక, అవసరమైనవానికి మందును అన్నమును పొలిమేర కందించిన యూరిలో అది ఎడము. పట్టణమునుండి తిరిగివచ్చిన కూలివానిని మాత్రమే చింతతోపులో ఉంచి, అదే పట్టణమునుండి కారులో వచ్చిన బంధువును ఇంటిలోనికి పిలిచిన యూరిలో అది అంటు. ఆసుపత్రులలో రాత్రింబవళ్ళు సేవచేసిన వైద్యులను, దాదులను అద్దె యిండ్లు ఖాళీ చేయుమని దేశమున పలుచోట్ల యజమానులు ఒత్తిడి పెట్టిరి. వారిపై దాడులును జరిగెను. కేంద్రప్రభుత్వము 2020 ఏప్రిల్ 22న 1897 నాటి అంటువ్యాధుల చట్టమును సవరించుచు, వైద్యసిబ్బందిపై దాడిని కఠినశిక్షార్హమైన నేరముగా చేయవలసి వచ్చెను. మనలను బ్రతికించుటకు తాకినవారినే తాకరానివారిగా చేసితిమన్నమాట! రోగులున్న యింటి వాకిట కాగితములంటించు పద్ధతి విషయమున, అధికారి ప్రత్యేకముగా ఆదేశించిననే తప్ప అట్లంటింపరాదని సర్వోన్నత న్యాయస్థానము 2020 డిసెంబరు 9న చెప్పినది. జాగ్రత్తకై పుట్టిన కాగితము పొరుగువారి చూపులో ముద్రగా మారుననుటయే దానికి కారణము.

భయపడుట పాపమా యని కొందరు అడుగవచ్చును. పాపము కాదు. భయము ప్రాణికి సహజము. పాపమెక్కడనన్నచో, మన భయమునకు వెల ఇతరులచేత కట్టించుటలో. ఇంటిపనికి వచ్చు స్త్రీని రావలదన్న యిండ్లు అనేకము. రావలదనుటలో తప్పులేదు, ఆమె ప్రాణమునకును అదియే క్షేమము. కాని నెలజీతమిచ్చి రావలదన్న యింటివారు ఎడము పాటించిరి. జీతము లేక రావలదన్నవారు తమ భయమును ఆమె పొయ్యిపై పెట్టి వండుకొనిరి.

ఇచ్చట ఆయ్దక్కి లక్కమ్మను స్మరింపవలయును. ఆమె భర్త మారయ్య కల్యాణమున రాలిన బియ్యపు గింజలను ఏరితెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడతడు దినమునకు వలసినదానికంటె ఎక్కువ తెచ్చినచో, ఆ యాశ మనకెందుకని, ఎక్కువైనదానిని తిరిగి అక్కడనే పోసిరమ్మని లక్కమ్మ చెప్పెనట. లాక్‌డౌన్ వార్త వినిన రాత్రి అంగళ్ళ ముందు మనము చేసినదానిని ఈ కథ ప్రక్కన ఉంచి చూచుకొనవలెను. ఆరునెలల ఉప్పు, పప్పు, నూనె మోసికొనిపోయినవాడు దొంగతనము చేయలేదు, డబ్బిచ్చియే కొనెను. కాని అతని వెనుక నిలిచిన దినకూలి వానికి అంగడి అలమర ఖాళీగా కనబడెను. మనకు అవసరమైనదానికంటె మిక్కిలి తెచ్చినచో అది ఎవ్వరి గిన్నెలోనుండి వచ్చినదో లక్కమ్మకు తెలియును. ఆమె ఏ పాఠశాలలోను అర్థశాస్త్రము చదువలేదు.

మరణ విషయము చెప్పక తీరదు. అంత్యక్రియలకు ఇరువదిమందికి మించరాదని నియమము. మనవారిని విభూతి నలంది, లింగమును చేతనుంచి, కూర్చుండబెట్టి సమాధిచేయు సంప్రదాయము మనది. ఆ దినములలో సంచిలో చుట్టిన దేహమును దూరమునుండి చూచి మ్రొక్కి వచ్చిన కుటుంబములెన్నియో. ఆ బాధ నేటికిని వారి గుండెలలో కలుక్కుమనుచుండును. వారికి చెప్పదగినదొకటి కలదు. శరణునకు మరణమన లింగైక్యము. ఐక్యమునకు భంగిమ అడ్డము కాదు, సంచి అడ్డము కాదు. ఎవ్వరి కర్మము వలననో మీవారికి లోపము జరిగినదని క్రుంగవలదు.

కాని అందరము ఆలోచింపదగినది మరొకటి కలదు. ఆ దేహములను ఎత్తినదెవ్వరు? పురపాలక సంఘముల పారిశుధ్య కార్మికులు, కాటికాపరులు, మతమేదియని అడుగక ముందుకు వచ్చిన స్వచ్ఛంద సేవకులు. వారిలో ముస్లిము యువకులు కూడ అనేకులు. ఎవ్వరిని తరతరములుగా అంటరానివారన్నారో వారిలో ఎందరో, ఎవ్వరును అంటజాలని మన తల్లిదండ్రులను అంటిరి. బసవేశ్వరుడు అంటరాని కులమున పుట్టిన శివనాగుమయ్యను భక్తుడని గౌరవించినందుకు బిజ్జలునియొద్ద ఫిర్యాదు జరిగినదని పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పుచున్నది. ఎనిమిది వందల యేండ్ల తరువాత ఆ ఫిర్యాదుకు శ్మశానవాటికలలో తీర్పు లభించినది. ఎవ్వరి చేయి మైల, ఎవ్వరి చేయి పవిత్రము అను వివాదము ఆ చేతులు తొడిగిన చేతొడుగుల ముందు నిలువలేదు.

ఇన్నియు గడచిన సంగతులు గదా, ఇప్పుడెందుకని అనవచ్చును. ఇప్పుడే అవసరము. ఎడమునకు గడువు కలదని చెప్పితిని; ఆ గడువు తీరినది. తీరిన గడువును పొడిగించుట మనుష్యునకు సులభము. కుష్ఠురోగమును చూడుడు. దానిని పూర్తిగా నయము చేయు బహుళౌషధ చికిత్స 1980వ దశకము నుండి అందుబాటులో నున్నది. అయినను భార్యాభర్తల విడాకులకు ఆ రోగమును కారణముగా చూపు నిబంధనలను చట్టములనుండి తొలగించుటకు 2019 వరకు పట్టినది. మందు రోగమును కొన్ని మాసములలో మాన్పినది. మనస్సులోని ఎడమును మాన్పుటకు దశాబ్దములు చాలలేదు. ఎడము అంటుగా ముదురుట యనగా ఇదియే.

ఒక యింట జరిగిన ముచ్చట. పనిమనిషి మరల పనిలోనికి వచ్చినప్పుడు జాగ్రత్తకని ఆమె టీనీళ్ళకు ఒక స్టీలు గ్లాసును వేరుచేసి పెరటి గోడమీద ఉంచిరి. ఆ యింటివారందరును టీకాలు వేయించుకొనిరి, ఆమెయు వేయించుకొనెను. పండుగలు మరల మొదలైనవి, పెండ్లిపందిళ్ళలో వేలమంది బంతిభోజనములు చేసిరి. గోడమీది గ్లాసు మాత్రము గోడమీదనే ఉన్నది. ఒకనాడు ఆ యింటి వృద్ధురాలు కోడలినడిగినది: "జబ్బు పోయింది గదమ్మా, మరి ఈ గ్లాసు ఎవరి జబ్బుకని ఇక్కడే ఉన్నది?" కోడలు చెడ్డది కాదు, నవ్వి, "అలవాటైపోయింది అత్తమ్మా" అన్నది. "అంతా అలవాటనే మొదలైంది బిడ్డా" అని వృద్ధురాలు ఆ గ్లాసును తెచ్చి లోపలి గ్లాసులలో కలిపివేసినది. మన తెలుగు గ్రామములలో రెండు గ్లాసుల పద్ధతి యన్నచో ఏమిటో ఆ తరమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. రాజ్యాంగము 17వ అధికరణముచే నిషేధించినదానిని, పెరటిగోడ మరల పుట్టింపగలదు.

కావున శరణబంధువులారా, ప్రతి యింటను పెరటి గోడను ఒకమారు చూచుకొందము. మఠములలో పంక్తిభోజనము మరల మొదలైన చోట పంక్తిలో ఎవ్వరైన తగ్గిరా యని చూచుకొందము. మహమ్మారి కాలమున మనము నేర్చినవానిలో ఉంచుకొనదగినవి కలవు: చేతులు కడుగుకొనుట, జ్వరమున్నచో నలుగురిలోనికి పోకుండుట, కిటికీ తెరచియుంచుట, నా శ్వాసకు నేను బాధ్యుడనను ఎరుక. ఇవి సదాచారములో చేరదగినవి. విడువదగినవియు కలవు: అనుమానపు చూపు, వేరుచేసిన పాత్ర, పిల్లవాని తుమ్మునకు మరచిన దీవెన. మరల ఎప్పుడైన ఇట్టి యాపద వచ్చిన, ఆరడుగుల దూరమున నిలువుడు; కాని ఆ ఆరడుగులకు ఆవల అన్నపు పొట్లము చేరునట్లు చేయి చాపి నిలువుడు. బసవేశ్వరుడు మనకిచ్చిన లింగము అరచేతిలోనిది. ఆ అరచేయి మూసికొనుటకు కాదు, చాచుటకు.

శరణు శరణార్థులు.